రాగి మీద తిరుమల, లక్క మీద చిత్తూరు

మధురకు చల్ల అమ్మబోయే గొల్లభామ, ఆమె దారికి అడ్డం వచ్చిన కృష్ణుడు. ఆనందభైరవి రాగంలో ఆ పాటను గ్రామఫోను ప్లేటుకెక్కించి దక్షిణదేశమంతా వినిపించిన విద్వాంసుడు పుంగనూరులో పుట్టాడు. పేరు సుబ్రహ్మణ్య పిళ్లై (1898–1975). కచేరీ ప్రపంచం ఆయన్ని చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లైగానే ఎరుగును. 1954లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. పుంగనూరు అనగానే అందరికీ పొట్టి ఆవులు గుర్తొస్తాయి, ఈ గొంతు గుర్తొచ్చేవాళ్ళు తగ్గిపోయారు. పాత ప్లేట్లు వెతికి వెతికి పోగుచేసుకునేవాళ్ళు మాత్రం ఆయన పేరు చెవినబడితే చేస్తున్న పని ఆపి వస్తారు.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలను గుళ్ళ ద్వారా, మామిడితోటల ద్వారా, కాణిపాకం ద్వారా తెలుసుకున్నవాళ్ళు చాలామంది. పాటల ప్లేట్ల ద్వారా తెలుసుకోవడం ఇంకో దారి. అటకల మీద, మైకుసెట్టు అంగళ్ళ వెనుక గదుల్లో, పాత ఇనుపసామాను కొట్లలో ఈ నేల గొంతు ఇంకా ఉంది. దుమ్ము కొట్టుకుని ఉంది, అక్కడక్కడా పగిలి ఉంది, అయినా ఉంది.

నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేటును చేతిలోకి తీసుకుంటే ముందుగా తెలిసేది బరువు. పది అంగుళాల వెడల్పు, నల్లటి నిగనిగ, నడుమ గుండ్రటి కాగితం లేబులు, దాని మీద పాట, రాగం, పాడినవారి పేరు. లక్కలో రాతిపొడి, మసి కలిపి వేడి మీద అచ్చొత్తిన సరుకు అది. చెయ్యి జారిందంటే మట్టిపెంకులా పగులుతుంది. ఆ లక్క మన దేశపు అడవుల్లో చెట్టుకొమ్మల మీద పురుగులు పెట్టేదే. ప్రపంచం నలుమూలలా మోగిన ప్లేట్లకు చాలావరకు ఇక్కడి లక్కే పోయేది. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాడినప్పుడు రికార్డు చేసిన మైనాన్ని సముద్రాలు దాటించి అచ్చొత్తించాల్సి వచ్చింది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చాక ఆ బాధ తప్పింది. మన వైపు వాళ్ళకు రికార్డు ఇవ్వాలంటే మద్రాసే దిక్కు. చిత్తూరులో పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి స్టూడియో గడప తొక్కవచ్చు. కొలంబియా, హెచ్.ఎం.వి., ఓడియన్, అన్నీ అక్కడే. ఓడియన్ ప్లేట్లు అమ్మిన సరస్వతీ స్టోర్స్ వెనుక ఉన్నది తర్వాత ఏవీఎం స్టూడియో కట్టిన మెయ్యప్పనే.

ప్లేటుకు ఒక వైపు దాదాపు మూడు నిమిషాలు. ఒక రాగాన్ని గంటసేపు నెమరువేసే విద్వాంసుడు ఆ మూడు నిమిషాల్లో పల్లవి ఎత్తుకుని, చరణం పాడి, వీలుంటే రెండు స్వరాలు వేసి దిగిపోవాలి. ఈ ఇరుకును శాపం అనుకున్నవాళ్ళున్నారు. నాకు మాత్రం పిళ్లై వింటుంటే అది వరంలా తోస్తుంది. ఎక్కడా ఒక్క అక్షరం వృథాగా పోదు. లయ మీద ఆయనకున్న పట్టు ఆ ఇరుకులోనే బాగా తెలుస్తుంది.

ఆ పట్టు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. ఆయన గురువు కాంచీపురం నాయనా పిళ్లై (1889–1934). మృదంగం ఒక్కటే చాలదని కంజిర, ఘటం, మోర్సింగు, నోటితో జతులు పలికే కొన్నకోలు అన్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని పాడిన మనిషి. ఆ కచేరీలకు ‘ఫుల్ బెంచ్’ అని పేరు. అంతటి విద్వాంసుడి గొంతు ఒక్క ప్లేటు మీద కూడా మనకు మిగల్లేదు. ఆయన పోయే నాటికి దక్షిణాదిలో రికార్డుల వ్యాపారం జోరుగా ఉంది, అయినా ఆ గొంతు ఆ తరంతోనే పోయింది. ఇవాళ నాయనా పిళ్లై బాణీ ఎలా ఉండేదో చెవితో తెలుసుకోవాలంటే శిష్యుడి ప్లేట్ల దగ్గరికే రావాలి. పుంగనూరు పిల్లవాడు గురువు దగ్గర పట్టుకొచ్చినది మూడేసి నిమిషాల ముక్కలుగా లక్కలో ఉండిపోయింది.

పాటను ఒక వస్తువు మీద దాచుకోవడం ఈ నేలకు కొత్త కాదు. తిరుమల ఆలయంలో విమాన ప్రదక్షిణ దారిలో ఒక చిన్న గది ఉంది. తాళ్లపాక అర అంటారు, సంకీర్తన భాండాగారమనీ అంటారు. అన్నమయ్య (1408–1503) పాటలను కొడుకు పెద తిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించి భద్రపరిచిన చోటు. వేల పాటలు, వేల రేకులు. 1816లో ఏ.డి. క్యాంబెల్ దొర తన తెలుగు వ్యాకరణంలో ఆ రేకుల ఊసెత్తాడు. అయినా ఇంకో వందేళ్ళు గడిచాక, 1920ల్లో గానీ వాటికి మళ్ళీ వెలుగు సోకలేదు. శాసనాలు చదివే సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, ఆ తర్వాత తిరుపతి ప్రాచ్య పరిశోధనా సంస్థలో పనిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రి, మైసూరులో పదవీ విరమణ చేసి 1950 ప్రాంతంలో తిరుపతి చేరిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఆ రేకుల ముందు కూర్చుని కళ్ళు కాయలు కాచేలా చదివారు.

చదివారు సరే, పాడడం ఎలా? రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. అన్నమయ్య ఏ ఎత్తుగడతో పాడాడో, ఏ మాట దగ్గర గొంతు నిలిపాడో రాగికి తెలియదు. రాళ్ళపల్లివారు నూటికి పైగా పాటలకు స్వరం కూర్చి మొదటి బాట వేశారు. ఆయన 1979 మార్చి 11న కన్నుమూశారు. టీటీడీ ఆస్థాన విద్వాంసుడిగా గౌరవించిన రోజే అది.

ప్లేట్లు పోగుచేసేవాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే మనసులో మెదులుతుంది. రాగిరేకు అయిదు వందల ఏళ్ళు నిలిచి మాటను కాపాడింది. లక్కప్లేటు రేకంత గట్టిది కాదు, అయినా అది పాడుతుంది. గమకం ఎంత మేర ఊగిందో, ఊపిరి ఎక్కడ తీసుకున్నారో, వయొలిన్ ఎంత వెనుకగా నడిచిందో అన్నీ ఆ గీతల్లో ఉన్నాయి. రేకులకు దొరికిన ఆదరం ప్లేట్లకూ దొరకాలని నేను గట్టిగా నమ్ముతాను. రేకుల కోసం పండితులు కదిలారు, దేవస్థానం కదిలింది. ప్లేట్ల కోసం ఇంతవరకూ కదిలింది ఎక్కువగా సొంత డబ్బు పెట్టుకుని, సెలవురోజు మానుకుని తిరిగే మామూలు మనుషులే.

ఎల్‌పీల కాలానికి వచ్చేసరికి తిరుపతి కథ మారిపోయింది. 1963లో హెచ్.ఎం.వి. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతులో వేంకటేశ సుప్రభాతం విడుదల చేసింది. ప్రతివాది భయంకరం అణ్ణన్ పదిహేనో శతాబ్దంలో రచించిన ఆ స్తోత్రం తిరుమల గడప దాటి కాఫీ హోటళ్ళకు, బస్టాండులకు, దేశదేశాల్లోని తెలుగు వంటిళ్ళకు చేరింది ఆ నల్లటి వినైలు మీదే. వినైలు పగలదు, నిమిషానికి 33 చుట్లే తిరుగుతుంది, ఒక వైపు ఇరవై నిమిషాలు దాటి మోగుతుంది. స్తోత్రానికి మధ్యలో ప్లేటు తిప్పే పని లేకపోవడం ఎంత సుఖమో 78ల నాటి వాళ్ళకే తెలుస్తుంది.

1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. వాయల్పాడులో పుట్టిన శోభారాజు దాని తొలి కళాకారిణి. రాజమండ్రి నుంచి వచ్చిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ తిరుపతినే సొంత ఊరు చేసుకుని ఆరు వందలకు పైగా సంకీర్తనలకు వరుసలు కట్టారు. 2025 మార్చిలో ఆ ఊళ్ళోనే వెళ్ళిపోయారు. ఆ వరుసలు ఇవాళ ఎంత అలవాటైపోయాయంటే, అన్నమయ్యే అలా పాడాడనుకునేవాళ్ళు బోలెడంతమంది. అంతకు మించిన మెప్పు ఒక స్వరకర్తకు ఏముంటుంది!

ఆ ప్రాజెక్టు మొదలైన రోజుల్లోనే వచ్చింది బాలాజీ పంచరత్నమాల, ఎమ్మెస్ పాడిన అయిదు ఎల్‌పీల వరుస. ఎమ్మెస్ దంపతులు ఆర్థికంగా ఇబ్బందుల్లో ఉన్నారని, ఊరికే ఇస్తే ఏదీ పుచ్చుకోరని తెలిసి, అప్పటి టీటీడీ కార్యనిర్వహణాధికారి పీవీఆర్‌కే ప్రసాద్ స్వామి పాటలు పాడించి ఆ ప్రతిఫలం వారికి అందేలా ఏర్పాటు చేశారు. తన జ్ఞాపకాల పుస్తకం ‘నాహం కర్తా హరిః కర్తా’లో ఆ కథ ఆయనే రాశారు. నేదునూరి కృష్ణమూర్తి అన్నమయ్య పాటలను ఎమ్మెస్‌కు నేర్పారు. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. ఆ వయసులో కొత్త పాటలు, అందులోనూ తెలుగు పాటలు, మాట మాట పలికించుకుంటూ నేర్చుకుని పాడారు. అయిదు అట్టలూ చెక్కు చెదరకుండా ఒకే ఇంట్లో దొరికితే పోగుచేసేవాడికి అది పండగే. సాధారణంగా మూడు దొరుకుతాయి, మిగిలిన రెండూ ఎవరికో ఇచ్చి ఉంటారు, వాళ్ళు తిరిగి ఇచ్చి ఉండరు. తిరుపతి పూర్ణకుంభం కూడలిలో తంబురా పట్టుకున్న ఎమ్మెస్ కంచు విగ్రహం ఉంది. పాటగత్తెకు నాలుగు రోడ్ల నడుమ విగ్రహం పెట్టిన ఊరు తిరుపతి.

ఇక మైకుసెట్టు సంగతి. ప్లేట్ల గురించి రాసేవాళ్ళు విద్వాంసుల గురించి రాస్తారు, కంపెనీల గురించి రాస్తారు, మైకుసెట్టు ఆయన్ని వదిలేస్తారు. నా దృష్టిలో ఈ ప్రాంతపు పాటను బతికించినవాడు ఆయనే. గ్రామఫోను పెట్టె కొనగలిగిన ఇల్లు ఊరికి ఒకటో రెండో. మిగతా ఊరంతా పాట విన్నది పెళ్ళిపందిరి గుంజకు కట్టిన గొట్టం మైకులోంచే. తొలి ప్లేటు వినాయకుడిది, ఆ తర్వాత వేంకటేశ్వరుడివి, ముహూర్తం దాటాక సినిమా పాటలు. గంగమ్మ జాతరలో ఆయనే. ఎండాకాలం ఊరూరా ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు జరిగే భారతంలోనూ ఆయనే. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం, ఆ నడుమ ఖాళీ అంతా ప్లేట్లదే. ‘‘మైకన్నా, ఆ పాట ఇంకోసారి ఎయ్యన్నా’’ అని పిల్లలు వెంటబడేవాళ్ళు. టూరింగు టాకీసుల్లో ఘంటసాల వేంకటేశ్వరుణ్ణి పిలిచే పాట మోగిందంటే ఆట మొదలవుతుందని అర్థం. ఆ పాట వినబడగానే జనం టిక్కెట్ల కిటికీ వైపు పరుగు తీసేవాళ్ళు.

మైకుసెట్టు వాళ్ళ ప్లేట్లను గుర్తుపట్టడం తేలిక. లేబులు మీద ఊదారంగు రబ్బరు స్టాంపు ఉంటుంది, సౌండు సర్వీసు పేరు, ఊరి పేరుతో. అంచున రంగుతో వేసిన నంబరు ఉంటుంది. బాగా నచ్చిన పాట ఉన్న వైపు నలుపు పోయి బూడిదరంగుకు తిరిగి ఉంటుంది. ముల్లు తిరిగి తిరిగి గీతలు అరిగినందువల్ల వచ్చే రంగు అది. వెనుక వైపు నిగనిగలాడుతూ ఉంటుంది. ఊరికి ఏ పాట ఇష్టమో చెప్పడానికి ఇంతకన్నా నిజమైన లెక్క ఉండదు.

తెలుగు, తమిళ భాషల సరిహద్దు కాబట్టి ఇక్కడి పెట్టెలో ప్లేట్లూ రెండు భాషలవే. కుప్పం, నగరి, పుత్తూరు, చిత్తూరు, ఏ ఊళ్ళో పెట్టె తెరిచినా ఘంటసాల పక్కన టీఎమ్మెస్ ఉంటాడు, లీల పక్కన కె.బి. సుందరాంబాళ్ ఉంటుంది. పద్యనాటకం ప్లేట్లూ ఉంటాయి, స్థానం నరసింహారావువి, ఈలపాట రఘురామయ్యవి. పక్క జిల్లాల్లో ఇంత కలగలుపు దొరకదు. నాటకం పిచ్చి ఉన్న ఊరు చిత్తూరు. రేపల్లెలో 1904లో పుట్టిన నాగయ్య ఇక్కడి రామవిలాస సభ నాటకాల్లో పాడి పాడి ఊరి పేరును తన పేరు ముందు పెట్టుకున్నాడు. చిత్తూరు వి. నాగయ్య అని తెర మీద పడిన ప్రతిసారీ ఈ ఊరి పేరు పడింది. ‘పోతన’, తానే తీసి తానే నటించిన ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947) పాటల ప్లేట్లు ఇప్పటికీ దొరుకుతాయి. ఆ గొంతులో నాటకం వాళ్ళ ఎత్తు లేదు, అరుపు లేదు. మైకు ముందు మెల్లగా పాడినా చాలని అంత త్వరగా గ్రహించిన తెలుగు నటుడు ఇంకొకరు లేరనిపిస్తుంది.

గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చిన్నప్పటి చదువు శ్రీకాళహస్తిలో, పీయూసీ తిరుపతిలో. ఆ బడి పిల్లవాడి గొంతు ఎంత దూరం పోయిందో చెప్పాలంటే ఒక్కసారి అమెరికా వెళ్ళి రావాలి.

1973 ఆగస్టు 11న న్యూయార్కులో బ్రాంక్స్ పేటలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు ఇంట్లో ఒక పార్టీ జరిగింది. జమైకా నుంచి వలసవచ్చిన కుటుంబంలోని కుర్రవాడు క్లైవ్ క్యాంబెల్, అందరూ పిలిచే పేరు కూల్ హెర్క్, ప్లేట్లు వేశాడు. పాట మధ్యలో గాయకుడు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే చోటు వచ్చినప్పుడు జనం ఊగిపోతున్నారని కనిపెట్టాడు. అదే ప్లేటు రెండు కాపీలు రెండు యంత్రాల మీద పెట్టి, ఒకటి అయిపోతుండగా రెండోదాన్ని మొదటికి తెచ్చి, ఆ కొన్ని క్షణాల దరువును సాగదీశాడు. దాని మీద మైకు పట్టుకుని లయగా మాటలు విసిరారు. హిప్‌హాప్ అలా మొదలైంది. కొత్త వాయిద్యం కొనే స్తోమత లేని పేట అది. అమ్మానాన్నల పాత ప్లేట్లే వాళ్ళ వాయిద్యాలు. 1979లో ‘రాపర్స్ డిలైట్’ వచ్చి ఈ సంగతి లోకానికి చెప్పింది. తాను వేసే ప్లేటు ఏదో పక్కవాడికి తెలియకుండా హెర్క్ లేబుళ్ళు నానబెట్టి ఊడదీసేవాడు. మన మైకుసెట్టు ఆయన లేబులు మీద తన పేరు అచ్చు వేసుకునేవాడు. ఇద్దరికీ ప్లేటే ఆస్తి.

ఆ పిల్లల తర్వాతి తరాలు ప్లేట్ల వేటలో ప్రపంచమంతా చుట్టారు, చుట్టి చుట్టి మన దాకా వచ్చారు. 1985 నాటి తమిళ చిత్రం ‘శ్రీ రాఘవేంద్ర’లో ఇళయరాజా కట్టిన పాట ముక్క 2003లో బ్లాక్ ఐడ్ పీస్ బృందం ఆల్బంలో తేలింది. లండన్ రాపరు ఎమ్.ఐ.ఏ. 2007లో తన ‘కాలా’ ఆల్బం మొదటి పాటకే ‘దళపతి’ చిత్రంలోని పాట దరువును ఎత్తుకుంది. తమిళ మాతృకలో ఆ పాట పాడింది ఏసుదాసు, మన బాలు. చిత్తూరు జిల్లాలో తమిళంలోనూ తెలుగులోనూ ఊరేగింపుల్లో మోగిన దరువే అది. రాప్ అనే మాట ఇక్కడి మైకుల్లోకి వచ్చిందేమో 1994లో, ‘ప్రేమికుడు’ క్యాసెట్లో రెహమాన్ కట్టిన పేట పాటతో. అప్పటికే మైకుసెట్లలో ప్లేట్లు మూలపడ్డాయి. క్యాసెట్టు తేలిక, గీత పడదు, ముల్లు మార్చనక్కర్లేదు.

కంప్యూటరు మీద బీట్లు కట్టి తెలుగులో ర్యాప్ రాసే కుర్రవాళ్ళు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పదలచింది ఒక్కటే: బ్రాంక్స్ వాళ్ళు తమ ఇంటి ప్లేట్లతో మొదలుపెట్టారు, మీ ఇంట్లో ఉన్నవీ తక్కువవి కావు. కొన్నకోలు జతులను పక్కన కూర్చోబెట్టుకుని పాడిన నాయనా పిళ్లై శిష్యుడు పుంగనూరువాడు. భారతం ఆడే ఊళ్ళలో హరిదాసు చిడతలు కొడుతూ గుక్క తిప్పుకోకుండా చెప్పే వచనం రాత్రంతా వినబడుతుంది. లయ మీద మాటను స్వారీ చేయించడం ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేదు.

లోకంలో మళ్ళీ ప్లేట్లకు గిరాకీ పెరిగింది. 2022లో అమెరికాలో ఎల్‌పీలు సీడీలకన్నా ఎక్కువ అమ్ముడుపోయాయి, 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఆ గాలి మన నగరాలకూ తగిలింది, కొత్తగా అచ్చొత్తిన సినిమా ఎల్‌పీలు కొనేవాళ్ళున్నారు. దాన్ని నేను కాదనను. కానీ కొత్త ఎల్‌పీ రేపు కూడా దొరుకుతుంది. చిత్తూరు వీధుల్లో మైకుసెట్టు అంగడి ఖాళీ చేస్తూ బయట పడేసే 78లు రేపు దొరకవు. వాటిలో చాలా పాటలకు అసలు ప్రతి కంపెనీ దగ్గర ఉందో లేదో ఎవరూ పూచీ పడలేరు. ఒక ప్లేటు పగిలితే కొన్నిసార్లు పాటే పగిలిపోయినట్టు.

అందుకని అటక మీద ప్లేట్లున్నవాళ్ళకు నాలుగు మాటలు. 78ని స్పిరిటుతోగానీ శానిటైజరుతోగానీ తుడవకండి, లక్క స్పిరిటులో కరుగుతుంది, గీతలు శాశ్వతంగా పోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో గీతల వెంబడి గుండ్రంగా తుడిచి, లేబులు తడవకుండా చూసుకుని నీడలో ఆరబెడితే చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. ఎల్‌పీ ముల్లుతో 78ని వాయించవద్దు, దాని గాడి వెడల్పు, సన్న ముల్లు అడుగున తిరిగి గరగరమంటుంది. తాతలనాటి కీ ఇచ్చే పెట్టె మీద అరుదైన ప్లేటు అసలే వద్దు, ఆ ఉక్కు ముల్లు బరువుకు ఒక్కో విడత కొంత పాట రాలిపోతుంది. వెడల్పు ముల్లు ఉన్న ఇప్పటి యంత్రం మీద ఒకసారి వాయించి ఫైలుగా ఎక్కించుకుని, ఆ తర్వాత ఎన్నిసార్లయినా దాన్ని వినండి. ఇవేవీ కుదరకపోతే కనీసం రెండు వైపుల లేబుళ్ళకూ ఫోటో తీయండి. లేబులుకీ చివరి గీతకీ మధ్య ఉన్న ఖాళీలో చెక్కిన చిన్న నంబరు ఉంటుంది, దీపం ఏటవాలుగా పెడితే కనబడుతుంది, దాన్నీ రాసుకోండి. కంపెనీల పాత జాబితాలతో ఆ నంబరు పోల్చి పాట ఎప్పుడు రికార్డయిందో వెతికి పట్టుకోవచ్చు. చిత్తూరు పేరు ముందు పెట్టుకున్న పిళ్లై, నాగయ్యల ప్లేట్ల విషయంలో ముందుగా కావలసింది ఆ నంబర్లే.